రోజుకు నాలుగు పాసేజీలు చేస్తున్నా మార్కులు ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: చైనాలోని సూజౌ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. భర్త ఉద్యోగం కోసం అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. విజయవాడలో ఉన్నప్పుడు ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. ఇప్పుడు పై ఫ్లాట్‌లో ఉండే చైనీస్ కుటుంబం వాళ్ళ అమ్మాయికి సాయం చెయ్యమని అడిగింది. అమ్మాయి ప్రభుత్వ హైస్కూల్లో రెండో సంవత్సరం. కాలేజీ ప్రవేశపరీక్ష గావోకావోకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఇంగ్లీషులో 150కి 110 దగ్గరే ఆగిపోయింది. రీడింగ్‌లో ఎ, బి, సి, డి అని నాలుగు పాసేజీలు, వాటి మీద 15 ప్రశ్నలు, వాటిలో ఐదారు తప్పుతున్నాయి. ఏడు వాక్యాల్లోంచి ఐదింటిని ఎంచి ఖాళీలు నింపే భాగంలో ఐదుకు రెండే వస్తున్నాయి. వాళ్ళమ్మ పట్టుబట్టి రోజుకు నాలుగు పాసేజీలు చేయిస్తోంది. నెలలు గడిచినా ఫలితం లేదు. ఆ పిల్ల ప్రతి ఇంగ్లీషు పదం మీద పెన్సిల్‌తో చైనీస్ అర్థం రాసుకుంటూ చదువుతుంది. డి పాసేజీకి వచ్చేసరికి టైము అయిపోతుంది. "ఎప్పుడూ రెండు ఆప్షన్లు మిగులుతాయి ఆంటీ, నేను తప్పుదే పెడతాను" అని ఏడ్చిందట. గ్రామర్ మొదటి నుంచి చెప్పాలా, నవలలు చదివించాలా, వాళ్ళమ్మ కోరినట్టు పరీక్ష చిట్కాలు నేర్పాలా అని ఈ పాఠకురాలి సందేహం. తనకు చైనీస్ బజారులో బేరమాడేంత వరకే వచ్చునట. స్కూలు టీచరు చెప్పేదానికి అడ్డు పడతానేమోనని భయం. వాళ్ళు ఫీజు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా అని కూడా అడిగారు.

సమాధానం: ఆ అమ్మాయి బద్ధకస్తురాలు కాదు, తెలివి తక్కువదీ కాదు. 150కి 110 తెచ్చుకునే పిల్లకు పునాది ఉన్నట్టే. ముందు ఈ మాట వాళ్ళమ్మ ఎదురుగానే ఆ పిల్లతో చెప్పండి.

చైనా పిల్లలు కుప్పలుగా ప్రశ్నలు చేసుకుంటూ పోవడాన్ని 'షువా తీ' అంటారు. నాలుగు పాసేజీలు చేసి, కీతో సరిచూసుకుని, తప్పు పక్కన ఎర్ర పెన్నుతో సరైన అక్షరం రాసేస్తే ఇవాళ ఎన్ని తప్పాయో తెలుస్తుంది. ఎందుకు తప్పాయో తెలియదు. రేపటి నాలుగు పాసేజీల్లోనూ అదే కారణంతో అవే తప్పులు వస్తాయి. కాబట్టి ఏమి నేర్పాలి అన్నది తర్వాత. పిల్ల ఎక్కడ ఆగిపోతోందో ముందు కనిపెట్టాలి. దానికి ఒక ఆదివారం చాలు.

తను ఇంతవరకు చూడని పాత గావోకావో పేపర్ ఒకటి తీసుకోండి. మీ సూజౌ ఉన్న జియాంగ్సు రాష్ట్రంలో పెట్టే జాతీయ పేపరే కావాలి, మాక్ పేపర్ వద్దు. మాక్ పేపర్లలో ఆప్షన్లు ఒక్కోసారి నాసిరకంగా ఉంటాయి, సరైన జవాబు మీదే వాదన వస్తుంది. సి, డి పాసేజీలు మాత్రం ఇవ్వండి. రెండింటికీ కలిపి ఎనిమిది ప్రశ్నలు. మొదటిసారి 17 నిమిషాలు టైము పెట్టి నీలం పెన్నుతో చెయ్యమనండి. జవాబులు చెప్పకుండా అవే పాసేజీలు రెండోసారి టైము లేకుండా నల్ల పెన్నుతో, మూడోసారి డిక్షనరీ చేతికిచ్చి ఎర్ర పెన్నుతో చేయించండి. చివర్లో పేపర్ మూయించి, ఒక్కో పేరా ఏం చెప్పిందో ఒక్కో వాక్యంలో, తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పమనండి. తప్పుల తడకగా చెప్పినా పరవాలేదు, విషయం వస్తే చాలు.

రెండోసారికే తప్పులు సరైపోతే ఇబ్బంది టైముతో. డిక్షనరీ వచ్చాక సరైతే పదాలతో. మూడుసార్లయినా తప్పు తప్పుగానే ఉండి, పేరాల సారాంశం కూడా తప్పుగా చెబితే వాక్యాలు అర్థం కావడం లేదు. సారాంశం సరిగా చెప్పి ఆప్షన్ మాత్రం తప్పు పెడితే సమస్య ఆప్షన్ల దగ్గర ఉంది. మీరు రాసినదాన్ని బట్టి చివరి రెండూ కలిసే ఉన్నాయనిపిస్తోంది. పదాల మీద అర్థాలు రాయడం వాక్యం చేతికి చిక్కకపోవడానికి గుర్తు. రెండు ఆప్షన్లు మిగలడం రెండోదానికి గుర్తు. నా ఊహను పక్కన పెట్టి పరీక్ష పెట్టే చూడండి.

వాక్యాల విషయంలో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. చైనీస్‌లో కూడా మన తెలుగులో లాగే విశేషణం ఎంత పొడుగైనా నామవాచకానికి ముందే వస్తుంది. మనం 'నేను నిన్న కొన్న పుస్తకం' అంటాం. వాళ్ళ వరసా అదే. ఇంగ్లీషులో పుస్తకం ముందు వచ్చేసి, కొన్న సంగతి వెనక తోకలా వేలాడుతుంది. ఈ పిల్లకు ఎక్కడ చిక్కు పడుతుందో ఇంగ్లీషే మాతృభాష అయిన టీచరుకన్నా మీకు బాగా తెలుస్తుంది.

ఈ వాక్యం చూడండి: 'ది ట్రీస్ ప్లాంటెడ్ అలాంగ్ ది రివర్ బై స్టూడెంట్స్ హూ గ్రాడ్యుయేటెడ్ లాస్ట్ ఇయర్ ప్రొవైడ్ షేడ్ ఫర్ ది విలేజర్స్.' పోయినేడాది చదువు ముగించిన విద్యార్థులు నది పొడవునా నాటిన చెట్లు ఊరివాళ్ళకు నీడనిస్తున్నాయని అర్థం. పదం పదం మీద చైనీస్ అర్థం రాసుకునే పిల్లకు 'చెట్లు - నాటు - వెంట - నది - చేత - విద్యార్థులు' అని కనిపిస్తుంది. చైనీస్ క్రియకు మన క్రియల్లా రూపభేదాలు లేవు. అందుకని 'ప్లాంటెడ్' కనబడగానే అదే అసలు క్రియ అనుకుంటుంది. చెట్లే ఏదో నాటాయన్న వింత అర్థం వస్తుంది. 'ప్రొవైడ్' దగ్గరికి వచ్చేసరికి ఇంకో క్రియ ఎందుకు వచ్చిందో తెలియక మళ్ళీ మొదటికి వెళ్తుంది. డి పాసేజీలో ఇలాంటి వాక్యాలు నాలుగైదు తగిలితే టైము అక్కడే కరిగిపోతుంది. అంటే టైము ఇబ్బంది కూడా చాలావరకు వాక్యం ఇబ్బందే.

రోజూ ఆ రోజు పాసేజీలోంచి రెండే వాక్యాలు తీయించండి, అంతకు మించి వద్దు. 'హూ', 'విచ్', 'దట్' కనబడిన చోట బ్రాకెట్ తెరిచి, ఆ ముక్క ముగిసిన చోట మూయమనండి. తర్వాత నామవాచకం వెనకే వచ్చిన 'ఎడ్', 'ఇంగ్' మాటలు చూడమనండి. ముందు 'విచ్ వర్' గాని 'విచ్ ఆర్' గాని చేర్చినా వాక్యం నిలబడితే అది అసలు క్రియ కాదు, దాన్నీ బ్రాకెట్‌లో పెట్టెయ్యాలి. ఇప్పుడు బ్రాకెట్ల బయట మిగిలింది చదవమనండి: 'ది ట్రీస్ ప్రొవైడ్ షేడ్ ఫర్ ది విలేజర్స్.' అంతే. ఆ తర్వాత మీరు వాక్యాన్ని ముక్క ముక్కగా ఆగుతూ పైకి చదవండి, తను కళ్ళతో మీ వెంట రావాలి. తనను పైకి చదవమని ఒత్తిడి చెయ్యొద్దు. పెదాలు కదిలిస్తూ చదివే అలవాటు పడితే వేగం మాట్లాడే వేగం దాటదు.

పదాల మీద అర్థాలు రాయడం ఒక్కసారిగా మాన్పిస్తే బెదిరిపోతుంది. మొదట పాసేజీకి ఐదు, తర్వాత మూడు పదాలకే అనుమతి, అదీ మొత్తం చదివాక మార్జిన్‌లో. ఆ మూడూ ఎంచుకోవడమే ఒక అభ్యాసం. పెద్దక్షరంతో మొదలయ్యే మనుషుల పేర్లు, యూనివర్సిటీల పేర్లు గుర్తుపట్టి వదిలెయ్యాలి. ఎంత పొడుగ్గా ఉన్నా వాటితో పనిలేదు. సిలబస్ దాటిన పదాలకు గావోకావో పేపరే చాలాసార్లు పక్కన చైనీస్ అర్థం ఇస్తుంది. అర్థం ఇవ్వకుండా కింద గీత గీసి ప్రశ్న అడిగారంటే ముందూ వెనకా వాక్యాల నుంచి ఊహించమని.

ఇక ఆప్షన్లు. ఒక పాసేజీలో ఇలా ఉందనుకోండి: ఒక లైబ్రరీ పుస్తకాలతో పాటు సుత్తి, డ్రిల్లు లాంటి పనిముట్లు కూడా అరువిస్తోంది. పాడైపోయి తిరిగొస్తాయని మొదట్లో సిబ్బంది భయపడ్డారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళను వేధించింది పాడైన పనిముట్లు కాదు, గడువు దాటినా తిరిగిరానివి. ప్రశ్న: ఏడాది తర్వాత సిబ్బందికి ఎదురైన సమస్య ఏమిటి? ఎ, చాలా పనిముట్లు పాడయ్యాయి. బి, కొందరు సమయానికి తిరిగివ్వలేదు. సి, జనం లైబ్రరీకి రావడం తగ్గించారు. డి, సిబ్బంది ఆ పథకం ఆపేద్దామనుకున్నారు.

సి పాసేజీలో లేనే లేదు, దాన్ని వెంటనే కొట్టేస్తుంది. డి మీద కాస్త ఆలోచిస్తుంది, ఇబ్బంది వచ్చింది కాబట్టి ఆపాలనుకుని ఉంటారులే అని. అది పాసేజీ దాటి ఒక అడుగు ముందుకేసిన ఊహ. ఎ లో ఉన్న పదాలు పాసేజీలో అచ్చంగా ఉన్నాయి, కళ్ళు అక్కడికే పోతాయి. కానీ అది మొదట్లో ఉన్న భయం, ప్రశ్న ఏడాది తర్వాతి సంగతి అడుగుతోంది. బి లో ఉన్న మాటలు పాసేజీలో లేవు, అర్థం మాత్రం ఉంది. కష్టమైన ప్రశ్నల్లో సరైన జవాబు చాలాసార్లు ఇలా వేరే మాటల్లో వస్తుంది. అలాగని 'పాసేజీ పదాలుంటే తప్పు జవాబు' అని సూత్రం కట్టొద్దు. ఎ పాసేజీ ప్రకటనలు, టైమ్ టేబుళ్ళ లాంటిది. అందులో తేదీలు, ధరలు ఉన్నవి ఉన్నట్టే జవాబులో వస్తాయి.

అభ్యాసం ఇలా చేయించండి. ఆప్షన్లను చేత్తో మూసి ప్రశ్న మాత్రమే చదవాలి. జవాబు ఏ వాక్యంలో ఉందో గీత గీయాలి. అప్పుడు చెయ్యి తీసి ఆప్షన్లు చూడాలి. తర్వాత మిగిలిన మూడింటి పక్కనా అవి ఎందుకు కావో ఒకటి రెండు మాటల్లో రాయాలి: 'లేదు', 'వేరే కాలం', 'వేరే మనిషి', 'సగమే నిజం', 'అతి ఊహ'. అనుకోకుండా సరైన ప్రశ్నకు కూడా ఇది రాయాలి, అక్కడే అసలు లోపం బయటపడుతుంది. 'దీన్నుంచి ఏమి గ్రహించవచ్చు' అని అడిగే ప్రశ్నలకూ ఇదే పద్ధతి. వేలు పెట్టి చూపించగల వాక్యం లేకపోతే ఆ ఆప్షన్ వదులుకోవాలి. మొత్తం పాసేజీకి శీర్షిక పెట్టమన్నప్పుడు మాత్రం ఒక వాక్యం మీద ఆధారపడకూడదు. ఒక పేరాకే సరిపోయే శీర్షిక ఎప్పుడూ ఆకర్షణగా ఉంటుంది. ప్రతి పేరానూ అడిగి చూడాలి, ఇది నీకు కూడా వర్తిస్తుందా అని.

ఇలా చేస్తే ఒక పాసేజీకి పాతిక, ముప్పై నిమిషాలు పడుతుంది. రోజుకు నాలుగు సాధ్యం కాదు, అక్కర్లేదు కూడా.

పదాల గురించి రెండు మాటలు. చైనా పుస్తకాల షాపుల్లో 3500 పదాల జాబితాలు దొరుకుతాయి, పిల్లలు ఫోన్ యాప్‌లలో బట్టీ పడతారు. ఒక్కో పదానికి ఒక్క చైనీస్ అర్థమే కంఠస్థం చేయడంతో తంటా వస్తుంది. పేపర్ తయారుచేసేవాళ్ళు తెలిసిన పదాన్ని తెలియని అర్థంలో వాడతారు: 'అడ్రస్' అంటే సమస్యను పట్టించుకోవడం, 'నావెల్' అంటే కొత్తదైన, 'లాస్ట్' అంటే కొనసాగడం, 'ఫైన్' అంటే జరిమానా. తెలిసిన పదమే కదా అని పిల్ల ఆగదు, అర్థం తప్పుదారి పడుతుంది. ఇలాంటివి పాసేజీలో ఎదురైనప్పుడు మొత్తం వాక్యంతో సహా చిన్న నోట్‌బుక్‌లో ఎక్కించండి. జాబితాలుగా వద్దు.

ఏడులోంచి ఐదు ఎంచే భాగాన్ని అక్కడ 'చీ షువాన్ వూ' అంటారు. ఒకటి తప్పితే చాలాసార్లు ఆ వాక్యం ఉండాల్సిన ఖాళీ కూడా తప్పుతుంది, అందుకే మార్కులు తరచూ జంటలుగా పోతాయి. అయిదు ఖాళీలు కలిపి 12.5 మార్కులు. ముందు ఏడు వాక్యాలూ చదివి 'దే', 'దిస్', 'సచ్' లాంటి మాటల కింద, 'హవెవర్', 'ఆల్సో', 'ఇన్‌స్టెడ్' కింద గీతలు గీయాలి. 'దే' ఉన్న వాక్యానికి ముందు బహువచనం ఉండి తీరాలి. ఖాళీ పేరా మొదట్లో ఉంటే ఆ పేరా మొత్తానికి తల లాంటి వాక్యం కావాలి. మిగతా పేరాలు ఆజ్ఞలతో మొదలైతే ఇదీ ఆజ్ఞే అయ్యుండాలి. తేలికగా దొరికినవి ముందు నింపి, చివర్లో మొత్తం ఒకసారి చదివి చూడాలి. అనుమానం ఉన్న ఖాళీ దగ్గర మొండికేసి కూర్చోకూడదు.

టైము లెక్క ఇదీ: పేపర్ 120 నిమిషాలు. లిజనింగ్‌కు సుమారు 20, రాతకు 40 నుంచి 45, క్లోజ్ (పాసేజీలోని ఖాళీలకు సరిపోయే పదాలు ఎంచే భాగం), గ్రామర్ ఖాళీలకు 20 తీసేస్తే రీడింగ్‌కు 35 మిగులుతాయి. ఎ కి 5, బి కి 6, సి కి 8, డి కి 9, చీ షువాన్ వూకు 7. అన్ని ప్రశ్నలకూ సమానంగా రెండున్నర మార్కులే. డి లో చివరి ప్రశ్న కోసం ఐదు నిమిషాలు అదనంగా తింటే, కథను కొనసాగిస్తూ రాయాల్సిన 25 మార్కుల ప్రశ్నకు చెయ్యి వణుకుతుంది. స్టాప్‌వాచ్ మొదటి నెలంతా పక్కన పెట్టండి, వాక్యాలు కుదురుకున్నాక బయటికి తీయండి. ముందే తీస్తే పదాల మీద రాసే అలవాటు తిరిగొస్తుంది.

మీరడిగిన మూడు దారులూ తప్పేం కావు, ఒక్కోదానికి ఒక్కో ఖరీదు ఉంది. గ్రామర్ మొదటి నుంచి చెప్పడం మొదలుపెడితే నెలలు పడుతుంది. నియమాల పేర్లు ఆ పిల్లకు మీకన్నా ఎక్కువ వచ్చి ఉండొచ్చు, స్కూల్లో అవే చెబుతారు. పేపర్లో నేరుగా గ్రామర్ ఖాళీలు పది, పదిహేను మార్కులు. రీడింగ్‌కు కావలసిన గ్రామర్ పైన చెప్పిన బ్రాకెట్ల పనిలోనే వచ్చేస్తుంది.

పుస్తకాలు చదివించడం నాకు చాలా ఇష్టమైన దారి. ఏడాదిన్నర ఉంది కనుక సాధ్యం కూడా. అయితే మొదటి మూడు నాలుగు నెలలు మార్కుల్లో ఏమీ కనబడదు, వాళ్ళమ్మ ఓపిక పట్టాలి. పేరున్న నవల అని ఎంచుకుంటే దెబ్బ తింటారు. పాల్ నేషన్ లాంటి భాషావేత్తలు చెప్పేదేమిటంటే, సాయం లేకుండా హాయిగా చదవాలంటే వందకు 98 పదాలు ముందే తెలిసి ఉండాలి. ఏదో ఒక పేజీ తెరిచి వంద పదాలు లెక్కపెట్టండి. తెలియనివి రెండు మూడు దాటితే కింది స్థాయి పుస్తకం తీసుకోండి. స్థాయిల వారీగా సరళం చేసిన పుస్తకాలు అక్కడ చైనీస్ అనువాదంతో కలిపి దొరుకుతాయి. అనువాదం ఉన్న పేజీ మీద కాగితం కప్పి చదవాలి. రాత్రి పడుకోబోయే ముందు పదిహేను నిమిషాలు, ప్రశ్నల్లేవు, నోట్స్ లేవు. మూడో సంవత్సరం మొదలయ్యాక ఆ పదిహేను నిమిషాలు కూడా దొరకవు, మొదలుపెట్టేదేదో ఇప్పుడే.

చిట్కాల సంగతి. 'ఆల్వేస్', 'ఓన్లీ' ఉన్న ఆప్షన్ తప్పు, పొడుగ్గా ఉన్నది ఒప్పు, తోచకపోతే సి పెట్టు, ఇవి పేపర్ తయారుచేసేవాళ్ళకూ తెలుసు. ఒకటి రెండు మాత్రం నిలుస్తాయి: వివరాలు అడిగే ప్రశ్నలు సాధారణంగా పాసేజీ వరసలోనే వస్తాయి, 'బట్', 'హవెవర్' తర్వాతి మాటకు బరువెక్కువ. వాళ్ళమ్మ తృప్తి కోసం ఈ రెండూ చెప్పండి.

నా మొగ్గు ఇటు: స్కూల్లో ఇచ్చే పాసేజీలు మానకూడదు, అవి తను సాయంత్రం స్టడీ అవర్‌లోనే చేస్తుంది. వాళ్ళమ్మ అదనంగా చేయిస్తున్నవి ఆపి, ఆ టైములో స్కూలు పాసేజీల్లో ఒకదాన్నే పైన చెప్పినట్టు విప్పి చూడాలి. స్కూలు టీచరు పనికి మీరు అడ్డు రాకపోగా, ఆమె ఇచ్చిందాన్నే ఇంకాస్త లోతుగా చేస్తున్నట్టు. ఆదివారం మీ దగ్గర ఒక గంట, అందులో సగం వాక్యాలు, సగం ఆప్షన్లు.

వాళ్ళమ్మ కంటికి ఏదో ఒక లెక్క కనబడాలి, లేకపోతే మళ్ళీ నాలుగు పాసేజీలకు వెళ్ళిపోతుంది. ఆ అంకె ఆమెకు ధైర్యం, తప్పుపట్టొద్దు. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: పదం, వాక్యం, ఆప్షన్, టైము. ప్రతి తప్పుకూ అమ్మాయే కారణం తేల్చి ఆ గడిలో గీత పెట్టాలి. వారం చివర్న అమ్మకు చూపించాలి. పిల్లలు రాసే తప్పుల నోట్‌బుక్, అదే 'త్సువో తీ బెన్', రంగురంగుల పెన్నులతో పాసేజీ మొత్తం తిరిగి రాసే కార్ఖానా అయిపోతుంటుంది. అది వద్దు. పేపర్ కత్తిరించి అంటించి, కింద కారణం ఒక్క వరస రాస్తే చాలు.

ఫీజు తీసుకోకండి. కుటుంబ సభ్యురాలిగా వచ్చిన నివాస అనుమతి మీద, వర్క్ పర్మిట్ లేకుండా డబ్బు తీసుకుని పాఠం చెప్పడం అక్కడి చట్టానికి విరుద్ధం. 2021 నుంచి ట్యూషన్ల మీద కట్టడి కూడా ఎక్కువైంది. పొరుగువారిగా సాయం చేసినట్టే ఉంచండి. వాళ్ళకు మొహమాటంగా ఉంటే ఆదివారం గంట పాఠం తర్వాత పది నిమిషాలు ఆ అమ్మాయిని మీకు చైనీస్ నేర్పమనండి. తను కూడా ఒకరికి టీచరవుతుంది, మీ ముందు తప్పు చెప్పడానికి భయం తగ్గుతుంది.

ఆరు వారాలయ్యాక ఇంకో పాత పేపర్‌తో అదే మూడు పెన్నుల పరీక్ష పెట్టండి. వాక్యం గడిలో గీతలు తగ్గి ఆప్షన్ గడి అలాగే ఉంటే ఆదివారం గంటంతా ఆప్షన్లకే ఇవ్వండి. రెండూ తగ్గి నీలం పెన్ను తప్పులు మాత్రం మిగిలితే అప్పుడు స్టాప్‌వాచ్ తీయండి. పదం గడే నిండుతుంటే రాత్రి పుస్తకం స్థాయి ఒకటి దించి, పదిహేను నిమిషాలను ఇరవై చెయ్యండి. 15కు ఐదు తప్పుల నుంచి మూడుకు వచ్చినా ఐదు మార్కులు పెరిగినట్టు. మొదటి విడతకు అంతకు మించి వాళ్ళమ్మకు మాటివ్వకండి.